నీళ్ళ మీద 'పర్లేదు' లేదు

మొన్నొక ఆదివారం ఆష్‌బర్న్‌లో ఒక స్నేహితుడి ఇంటికి భోజనానికి వెళ్ళాను. ఇల్లు కొత్తది, హాలు పెద్దది, చలి కూడా దానికి తగ్గట్టే ఉంది. కాలేజీలో చదువుతున్న వాళ్ళమ్మాయి నన్ను చూసి, "అంకుల్, మీకు కోల్డ్‌గా ఉందా? హీట్ పెంచనా?" అంది. అలవాటు కొద్దీ "పర్లేదమ్మా" అనేశాను. అన్నాక నాలుక కరుచుకున్నాను. "కాదమ్మా, చలిగానే ఉంది. పెంచు" అన్నాను. ఆ పిల్ల వెళ్ళి హీట్ పెంచి వచ్చి, "మరి ఫస్ట్ ఎందుకు నో అన్నారు?" అని అడిగింది.

దానికి జవాబు చెప్పాలంటే ఒక మనిషి గురించి చెప్పాలి. అక్కడ పప్పు చల్లారిపోతోంది కాబట్టి చెప్పలేదు. ఇక్కడ చెబుతాను.

ఆయన పేరు రాయను. నలుగురిలో తన పేరు వినబడితే కుర్చీలోంచి లేచి వంటింట్లోకి వెళ్ళిపోయే మనిషి. మేం ఆయన్ని గురువుగారు అనేవాళ్ళం, సగం గౌరవంగా, సగం ఆటపట్టించడానికి. ఆయన మాకు నేర్పిన విద్య ఒక్కటే. అది కూడా మనవాళ్ళెవరూ విద్య కింద లెక్కేయనిది. చన్నీళ్ళలో సన్నటి పడవ నడపడం.

డెబ్భయ్యో దశకం చివర్లో నేను అమెరికా వచ్చి ట్రాయ్‌లో ఉద్యోగంలో చేరాను. డెట్రాయిట్ చుట్టుపక్కల కార్ల కంపెనీల్లో పనిచేసే తెలుగువాళ్ళం అప్పుడు కొద్దిమందిమి. కొత్తగా ఎవరొచ్చినా గురువుగారింట్లో ఒక భోజనం ఖాయం. నేనూ వెళ్ళాను. ఎన్నాళ్ళకో కనబడిన గుత్తివంకాయ. గురువుగారే గిన్నె పట్టుకుని నిలబడ్డారు.

"ఇంకో రెండు వెయ్యనా?"

"వద్దండీ, చాలు."

గిన్నె వెళ్ళిపోయింది. నేను నమ్మలేకపోయాను. మనకి 'వద్దు' అంటే 'ఇంకోసారి అడగండి' అని కదా. రెండోసారి అడిగితే 'అయ్యో' అనాలి, మూడోసారికి ప్లేటు మీద అడ్డం పెట్టిన చెయ్యి కాస్త పక్కకి జరపాలి. ఆయన రెండోసారి అడగలేదు. పెరుగు దగ్గరా అదే జరిగింది. వదినగారు, అంటే వారి భార్య, లోపల్నుంచి, "అదేమిటండీ, ఆ అబ్బాయి మొహమాటపడుతున్నాడు" అంది.

"వద్దన్నాడుగా. అతని కడుపు సంగతి అతనికి తెలీదా?" అన్నారాయన తాపీగా, నావైపే చూస్తూ.

ఆ సాయంత్రం అపార్ట్‌మెంట్‌కి పోయి బ్రెడ్డులో ఊరగాయ పెట్టుకు తిన్నాను. ఆయన్ని తిట్టుకుంటూనే తిన్నాను. ఆ ఇంట్లో మొహమాటపడ్డవాడు ఆకలితో తిరిగెళ్ళడం మామూలేనని తర్వాత తెలిసింది. కాఫీ వద్దంటే కాఫీ రాదు. లిఫ్ట్ అక్కర్లేదంటే మంచులో నడిచి వెళ్ళాల్సిందే. కొందరు ఆయన్ని పొగరుబోతనుకుని రావడం మానేశారు. వదినగారు ఒక్కొక్కరికీ విడిగా ఫోన్ చేసి సర్దిచెప్పుకునేది.

మళ్ళీ పిలిచినప్పుడు నేను ముందే ప్లేటు జరిపి, "వెయ్యండి, బాగా ఆకలిగా ఉంది" అన్నాను. ఆయన నవ్వడం నేను చూడటం అదే మొదటిసారి. భార్యతో, "ఇతన్ని నీళ్ళ మీదకి తీసుకెళ్ళొచ్చు" అన్నారు. నాకేమీ అర్థం కాలేదు. చెయ్యి కడుక్కున్నాక గరాజ్‌లోకి తీసుకెళ్ళి చూపించారు. కారుండాల్సిన చోట సగం కట్టిన పడవ ఉంది. ప్లైవుడ్ వాసన, జిగురు వాసన. అప్పటికే పూర్తయినవి ఇంకో రెండు, తాళ్ళతో కప్పుకి వేలాడుతున్నాయి.

ఆయన ఉద్యోగమూ నీళ్ళతోనే. కొత్త కారు తలుపుల్లోంచి, కిటికీల్లోంచి వాన లోపలికి రాకుండా చూడటం ఆయన పని. కారు మీద నాలుగు వైపుల నుంచీ నీళ్ళు కొట్టిస్తూ, తను లోపల టార్చిలైటు పట్టుకుని కూర్చునేవారు. కార్పెట్ కింద చెయ్యి పెట్టి తడి వెతికేవారు. "కారుతో సుఖం ఏంటంటే, కారుతోంటే కారుతున్నానని చెబుతుంది. మనవాళ్ళలా పర్లేదండీ అనదు" అనేవారు.

మా జట్టులో మూడోవాడు ఒక వరంగల్ డాక్టరు. ఆపరేషన్లకి మత్తు ఇచ్చే డాక్టరు. ఒళ్ళు కాస్త భారీ, మాట తేలిక. కయాక్‌లో, అంటే ఆ సన్నటి పడవలో, కూర్చోవాలంటే నడుందాకా అందులో దూరాలి, తర్వాత నీళ్ళు లోపలికి రాకుండా నడుం చుట్టూ ఉన్న రబ్బరు గుడ్డని పడవ అంచుకి లాగి బిగించాలి. దాన్ని స్కర్ట్ అంటారని చెప్పినప్పుడు డాక్టరు, "మా నాయిన నన్ను డాక్టర్ చదివిచ్చింది గీ లంగా కట్టుకునెటందుకేనా సార్?" అన్నాడు. అన్నాడే గానీ మొదటిసారి నీళ్ళ మీదకి వెళ్ళి వచ్చాక ఆ వారమంతా మాకు ఫోన్లు చేస్తూనే ఉన్నాడు, మళ్ళీ ఎప్పుడని.

ఏటా వేసవిలో ఒకసారో రెండుసార్లో వెళ్ళేవాళ్ళం. గురువుగారి స్టేషన్ వేగన్ కారు మీద మూడు పడవలు కట్టి, మాకినా వంతెన దాటి, రోజంతా డ్రైవ్ చేసి, లేక్ సుపీరియర్ ఒడ్డున విస్కాన్సిన్ వైపున్న అపోసల్ దీవులకి. దారిలో పక్క కార్లవాళ్ళు తిరిగి తిరిగి చూసేవారు. పడవల్ని చూసి కాదేమో, పడవల కింద ఉన్న మమ్మల్ని చూసి. పేరుకే అది లేక్. అవతలి ఒడ్డు కనబడదు. అలలు కొట్టి కొట్టి ఎర్రరాతి గట్లలో గుహలు తొలిచాయి. దీవుల్లో మనుషులుండరు. బయటి దీవుల్లో పాత లైట్‌హౌస్‌లు, లోపల ఎలుగుబంట్లు. "ఉప్పొక్కటి తక్కువ గానీ ఇది సముద్రమే సార్" అని డాక్టరు తీర్పు చెప్పాడు. ఆ నీళ్ళే కాచుకుని కాఫీ తాగేవాళ్ళం. నడి వేసవిలో కూడా ఆ నీళ్ళు ఎముకల్లోకి పోతాయి.

బయల్దేరే ముందు గురువుగారు గడియారం తీసి జేబులో వేసుకుని, ఎడమచెయ్యి మణికట్టు దాకా నీళ్ళలో పెట్టి అలాగే ఉంచేవారు. చూసే మాకు వణుకు పుట్టేదాకా తీసేవారు కాదు. తీశాక తుడుచుకోకుండా గాలికి పట్టుకునేవారు. అప్పుడు చెప్పేవారు, వెళ్తున్నామో లేదో. రోజంతా డ్రైవ్ చేసి వెళ్ళి, ఒడ్డున కూర్చుని పేకాడుకుని వెనక్కొచ్చిన సందర్భాలున్నాయి. నేను సణిగితే, "దీవి ఎక్కడికీ పోదోయ్. వచ్చే ఏడు కూడా అక్కడే ఉంటుంది" అనేవారు.

నీళ్ళ మీద ఆయన పెట్టిన పద్ధతి ఒకటుంది. అందరికంటే నెమ్మదిగా వెళ్ళేవాడు ముందుండాలి. మాలో నెమ్మది డాక్టరు. నేను కుర్రాణ్ణి, భుజాల్లో బలం ఉంది, డాక్టరు పడవ తోక చూసుకుంటూ వెళ్ళడం నామోషీగా ఉండేది. ఒకసారి అడిగేశాను.

"వాడు వెనకుంటే ఏమవుతుందో తెలుసా?" అన్నారాయన. "మనం ముందు పోయి వాడికోసం ఆగి రెస్ట్ తీసుకుంటాం. వాడు రొప్పుతూ వచ్చేసరికి మనం, పదండి పదండి అని బయల్దేరతాం. రెస్ట్ అక్కర్లేనివాడికి రెస్టు, కావలసినవాడికి లేదు. పైగా వాడు తిరగబడినా మనకి కనబడదు."

"నేను ఎన్కనే వస్త సార్, నాకేం ఫికర్ లేదు" అన్నాడు డాక్టరు.

"నీకు లేదయ్యా. నాకుంది."

ఇంకో అలవాటు మామిడి తాండ్ర. ఇండియా నుంచి ఎవరొస్తున్నా ఆయన తెమ్మనేది అదొక్కటే. కత్తెరతో చిన్న ముక్కలు చేసి, ఒక్కో ముక్కకీ ప్లాస్టిక్ కాగితం రెండు పొరలు చుట్టి, కొసలు మెలేసి ముడివేసేవారు. నీళ్ళ మీద కాసేపటికోసారి అందరినీ ఆపి, తలా ఒకటి ఇచ్చి తినమనేవారు. ఆ ముడి విప్పేసరికి తాతలు దిగొచ్చేవారు. ఇంత గట్టిగా చుట్టడమెందుకని మేం వేళాకోళం చేసేవాళ్ళం. ఆయన జవాబిచ్చేవారు కాదు. మేం విప్పుతుంటే మాత్రం మా చేతుల వంక చూస్తూ కూర్చునేవారు. పిసినారి, ముక్క వృథా అవుతుందేమోనని చూస్తున్నాడనుకున్నాం.

ఎనభైల మొదట్లో ఒక జూన్ నెల. అప్పటికి నాకు పెళ్ళయింది, మా ఆవిడకి ఏడో నెల. వెళ్ళమంటావా అని అడిగితే, "పర్లేదు, వెళ్ళిరండి" అంది. అదే మాట గురువుగారికి చెప్పాను.

"పర్లేదంది అంటే వెళ్ళొద్దందన్నమాట" అని ఆయనే ఆవిడకి ఫోన్ చేశారు. ఏం మాట్లాడుకున్నారో తెలియదు. మేం తిరిగొచ్చేదాకా ఆవిడ వదినగారి దగ్గర ఉండేట్టు ఏర్పాటయింది. పెట్టె సర్దుకుంటూ మా ఆవిడ, "ఆయన అడిగినట్టు మీరెప్పుడైనా అడిగారా?" అంది.

ఆ ఏడు బయటి దీవిలో ఉన్న లైట్‌హౌస్ చూడాలని ప్లాన్. డాక్టరుకి అది మూడేళ్ళ కోరిక. రెండుసార్లు గాలికి వెనక్కి తిరిగాం. ఈసారి పొద్దున్నే నీళ్ళు అద్దంలా ఉన్నాయి. నేను తొందరలో స్కర్ట్ వెనకవైపు సరిగా బిగించలేదు. ఒడ్డు వదలగానే ఎవరిదో మోటారు పడవ లేపిన అల ఒకటి వచ్చి నడుం దాకా తడిపేసింది. లోపల వేసుకున్నది నూలు స్వెట్‌షర్ట్. ఒడ్డు పక్కనే ఉంది, ఆగి మార్చుకోవచ్చు. ఆలస్యం చేయడమెందుకని ఊరుకున్నాను.

సగం దూరం వచ్చాక గాలి మొదలైంది. అల పెద్దది కాదు గానీ ప్రతి అలా కాసిన్ని నీళ్ళు లోపల పోస్తోంది. గురువుగారు పక్కకొచ్చి, "ఎలా ఉంది?" అన్నారు.

"పర్లేదండీ."

ఇంకాస్సేపటికి మళ్ళీ అడిగారు. మళ్ళీ పర్లేదన్నాను. పళ్ళు టకటక కొట్టుకుంటుంటే దవడ బిగించి అన్నాను. వాళ్ళిద్దరూ లీవ్ పెట్టుకుని వచ్చారు. అంత దూరం డ్రైవ్ చేశారు. డాక్టరు మూడేళ్ళ నుంచి చూస్తున్న లైట్‌హౌస్ ఎదురుగా తెల్లగా కనబడుతోంది. నా ఒక్కడి చలికోసం ఇదంతా పాడుచేస్తానా? అక్కడికి చేరాక ఎండలో ఆరబెట్టుకుంటే సరిపోతుంది. నా ఆలోచన అదీ. కాసేపటికి వణుకు కూడా కాస్త తగ్గింది. అలవాటు పడ్డాననుకుని సంతోషించాను.

గురువుగారు అందరినీ ఆపారు. జేబులోంచి తాండ్ర తీసి ఇచ్చారు. "తిను" అన్నారు.

ముడి దొరికింది. పట్టుకోవడానికి బొటనవేలూ చూపుడువేలూ కలవలేదు. కలిపానని నేననుకుంటున్నాను, అవి కలవట్లేదు. పంటితో లాగబోతే తాండ్రముక్క జారి ఒళ్ళో పడింది. తల ఎత్తేసరికి ఆయన నా చేతుల వంకే చూస్తున్నారు. ఇన్నేళ్ళుగా ఎందుకు చూస్తున్నారో అప్పుడు తెలిసింది.

"వెనక్కి" అన్నారు.

డాక్టరు ఒక్కసారి లైట్‌హౌస్ వైపు చూశాడు. ముగ్గురం తిరిగాం. తిరిగేసరికి, పక్కపక్కనే ఆగి ఉన్నాం కాబట్టి, నేను వాళ్ళతో సమానంగా వచ్చాను. వాళ్ళిద్దరూ తెడ్లు పడవల మీద అడ్డంగా పెట్టి, నేను దాటి ముందుకి వెళ్ళేదాకా ఆగారు. ఆ రోజు అందరికంటే నెమ్మదైనవాణ్ణి నేను. ఆయన నా ఎడమపక్క కాస్త వెనగ్గా, డాక్టరు కుడిపక్క. "ఏదైనా మాట్లాడు భయ్, మాట్లాడుకుంటనే ఉండు" అంటూ డాక్టరు దారంతా నాచేత నా చిన్నప్పటి స్కూలు టీచర్ల పేర్లు చెప్పించాడు. మధ్యలో ఒకాయన పేరు గుర్తు రాక ఏడ్చాను. అందుకు ఎందుకు ఏడుస్తున్నానో నాకు తెలియలేదు.

దగ్గర్లో ఉన్న దీవి ఒడ్డుకి లాగి పడేశారు. "తడి బట్టలు ఇప్పేయ్. సిగ్గు తర్వాత" అన్నాడు డాక్టరు. గురువుగారి ఉన్ని స్వెటరు తొడిగి, రెండు స్లీపింగ్ బ్యాగుల్లో దూర్చి, పొయ్యి వెలిగించి చారు కాచారు. గ్లాసు నా చేతికివ్వకుండా ఆయనే పట్టుకుని తాగించారు. నాకు మళ్ళీ గట్టిగా వణుకు వచ్చింది. వణుకు రావడం మంచిదేనట, ఒళ్ళు మరీ చల్లబడ్డప్పుడే వణుకు ఆగిపోతుందట, డాక్టరు చెప్పాడు.

అప్పుడడిగారు గురువుగారు. "ఎందుకు చెప్పలేదు?"

"మీరంతా లీవ్ పెట్టుకుని వచ్చారు కదండీ. నా మూలాన ట్రిప్ పాడైపోతుందని..."

"చెప్పుంటే లైట్‌హౌస్ పోయేది. చెప్పకపోతే నువ్వు పోయేవాడివి. ట్రాయ్ వెళ్ళి, కడుపుతో ఉన్న ఆ పిల్లకి నేనేం చెప్పాలి?"

"సార్, జర ఆగుండ్రి. మనిషి ఇంకా వణుకుతున్నడు" అన్నాడు డాక్టరు.

"వణుకుతున్నాడు కాబట్టే ఇప్పుడు చెబుతున్నాను. ఆరిపోయాక మర్చిపోతాడు." నావైపు తిరిగారు. గొంతులో కోపం లేదు. కోపం ఉంటే నాకు సులువుగా ఉండేది. "మమ్మల్ని ఇబ్బంది పెట్టకూడదనుకున్నావు, బాగుంది. కానీ మేం నిన్ను చూసుకోలేమని నువ్వే తీర్మానించేశావు. అది మర్యాద కాదోయ్, మమ్మల్ని నమ్మకపోవడం. ఇంట్లో నీ ఇష్టం. నీళ్ళ మీద పర్లేదు లేదు. చలేస్తే చలేస్తోందను. భయమేస్తే భయమేస్తోందను. మిగతాది మేం చూసుకుంటాం."

ఆ చివరి మాట నాకు అంతకుముందు ఎవరూ చెప్పలేదు. మంచి ఇంట్లోనే పెరిగాను, ప్రేమకి లోటు లేదు. అయినా ఇంకొకరికి భారం కాకుండా ఉండటమే మంచితనమని నేర్చుకుని పెరిగాను. మిగతాది మేం చూసుకుంటాం అని ఒకాయన చారు గ్లాసు పట్టుకుని చెబితే, స్లీపింగ్ బ్యాగులో మొహం దాచుకున్నాను.

మర్నాడు గాలి లేదు. లైట్‌హౌస్ ఇంకా దగ్గరగా ఉన్నట్టు కనబడింది. గురువుగారు మణికట్టు నీళ్ళలో పెట్టి, తీసి, నన్నడిగారు, "ఎలా ఉంది?"

నోటిదాకా వచ్చిన మాట మింగి, "భయంగా ఉందండీ. వెళ్ళాలని లేదు" అన్నాను.

"సరే" అని పడవని ఇంటివైపు తిప్పారు. అంతే, దాని మీద చర్చ లేదు. డాక్టరు ఒక్క మాట దెప్పలేదు. మరుసటేడు ముగ్గురం వెళ్ళి ఆ లైట్‌హౌస్ చూశాం. దగ్గర్నుంచి చూస్తే మామూలుగానే ఉంది. మెట్ల మీద కూర్చుని పులిహోర తిన్నాం. అప్పటికి మా అమ్మాయికి నడక వస్తోంది. దాని చేతులు నా మెడ చుట్టూ పడినప్పుడల్లా నాకు ఆ 'వెనక్కి' అన్న మాట గుర్తొచ్చేది. ఇప్పటికీ వస్తుంది.

ఎనభైల మధ్యలో ఉద్యోగం మారి, ట్రాయ్‌కి దూరంగా ఇటు హెర్న్‌డన్ వచ్చేశాం. పడవలు వెనకబడ్డాయి, ఫోన్లు మిగిలాయి. రెండేళ్ళ తర్వాత డాక్టరు ఫోన్ చేసి, గురువుగారికి ఒంట్లో బాగాలేదని, చిన్న జబ్బు కాదని చెప్పాడు. వెంటనే ట్రాయ్‌కి ఫోన్ చేశాను. వదినగారు తీసింది.

"పర్లేదు నాయనా, ట్రీట్‌మెంట్ జరుగుతోంది. మీరేం కంగారు పడకండి" అంది. వచ్చిన ప్రతి ఫోనుకీ ఆ మాటే చెప్పి చెప్పి అలిసిపోయిన గొంతు. వెనకనుంచి ఆయన, "ఎవరు? వాడా? ఇటివ్వు" అనడం వినబడింది.

"ఎలా ఉన్నారు గురువుగారూ?"



"బాగాలేదోయ్. భయంగా ఉంది. రాగలవా?"

"వస్తున్నానండీ" అన్నాను.

ఫోన్ పెట్టేసి వంటింట్లో నిలబడిపోయాను. దుఃఖం తర్వాత వచ్చింది. ముందు వచ్చింది ఇంకేదో. ఆ మాటలు చెప్పడానికి ఆయనకి నేను పనికొచ్చాను. ఆయన నన్ను నమ్మారు. మా ఆవిడ నా మొహం చూసి బ్యాగు తీసింది. "ఒక్కదానివీ ఉండగలవా? పర్లేదా?" అన్నాను.

"పర్లేదేం కాదు, పిల్లతో కష్టమే. అయినా వెళ్ళండి. పక్కింటావిడని రమ్మంటాను" అంది. మా ఇంట్లో అప్పటికే అలా మాట్లాడటం వచ్చేసింది.

హాస్పిటల్‌కి చేరేసరికి మర్నాడు మధ్యాహ్నం. డాక్టరు డ్యూటీ మార్చుకుని వచ్చి కూర్చున్నాడు. గురువుగారు సగమయ్యారు, కళ్ళద్దాలు మొహానికి పెద్దవైపోయాయి. దారిలో ఇండియన్ స్టోరులో కొన్న తాండ్ర ప్యాకెట్ చేతికిచ్చాను. తిప్పి చూసి నాకే ఇచ్చేశారు. "విప్పిపెట్టు. వేళ్ళు మాట వినట్లేదు" అన్నారు, ఉప్పు అందించమన్నంత మామూలుగా. చిన్న ముక్క నోట్లో పెట్టాను. చాలాసేపు చప్పరించారు.

తర్వాత నడుస్తానన్నారు. వాకర్ తెచ్చాం. కారిడార్ పొడుగ్గా ఉంది, చివర పెద్ద కిటికీ. నేను చెయ్యి పట్టుకోబోతే, "ఉహుఁ, వెనకుండు. ఇక్కడ నెమ్మది ఎవరు?" అన్నారు. ఆయన ముందు, ఎడమపక్క కాస్త వెనగ్గా నేను, కుడిపక్క డాక్టరు. మందుల బండి తోసుకొస్తున్న నర్సు దాటిపోదామని చూసి, మా వరస చూసి, ఎందుకో ఆగి మా వెనకే నడిచింది. ఆయన అడుగు వేస్తే మేం అడుగు వేశాం. ఆగితే ఆగాం. ఆయన ఊపిరి కుదుటపడి మళ్ళీ కదిలేదాకా ఎవరం పదండి అనలేదు.

కిటికీ దాకా వెళ్ళలేకపోయాం. సగంలో ఆయన వాకర్ మీద వాలి, కిటికీలో కనబడుతున్న ఆకాశాన్ని కాసేపు చూశారు.

"చాలు" అన్నారు. "వెనక్కి."

ముగ్గురం తిరిగాం. తిరిగేసరికి నేనూ డాక్టరూ ముందయ్యాం. ఇద్దరం గోడకి ఆనుకుని నిలబడి, ఆయన మమ్మల్ని దాటి ముందుకి వెళ్ళేదాకా ఆగాం.